ఆరు నెలల ప్రయాణం, రెండు కెమెరాలు

బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు అంకెలతో కాపురం చేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. అమ్మాయి పెళ్లయ్యాక ఆరు నెలలు ఎటైనా తిరిగి రావాలని నేనూ మా ఆవిడా ఎప్పటినుంచో అనుకుంటున్నాం. ఈ అక్టోబరులో బయలుదేరుతున్నాం. కర్నూలులో రైలెక్కి కచ్, రాజస్థాన్, ఢిల్లీ, హిమాచల్, అక్కణ్నుంచి కాశీ మీదుగా మేఘాలయ దాకా. ఏ ఊళ్లో ఎన్ని రోజులు, బీపీ మాత్రలు ఎన్ని కట్టుకోవాలి, ఇంటి తాళాలు ఎవరికివ్వాలి, ఇవన్నీ వారంలో తేలిపోయాయి. ఏ కెమెరా తీసుకెళ్లాలన్నది తేలడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

నా దగ్గరున్నది నికాన్ ఎఫ్ఎం2, రీలు కెమెరా. 1994లో మా బావమరిది కువైట్ నుంచి తెచ్చాడు. వాళ్లది కడప. ఆ వైపు కువైట్‌కు మనిషిని పంపని వీధి కనపడదు. సెలవుకొచ్చేవాళ్లను అందరూ టేప్ రికార్డర్లు, మెత్తటి దుప్పట్లు అడిగే రోజుల్లో నేను కెమెరా అడిగాను. ఆయన మారుమాట్లాడకుండా 50 ఎంఎం లెన్సుతో సహా తెచ్చి చేతిలో పెట్టాడు. వెలుతురును లోపలికి వదిలి మూసే షట్టర్‌కు బ్యాటరీతో పనిలేదు, అంతా స్ప్రింగులు, గేర్లు. వెలుతురు కొలిచే మీటర్‌కు మాత్రం వాచీ సెల్లులాంటివి రెండు కావాలి. అవి అయిపోయినా ఫోటో ఆగదు. ఎండలో అపర్చర్ అనే లెన్సు రంధ్రాన్ని 16 దగ్గర పెట్టి, రీలు మీద 200 అని రాసుంటే (వెలుతురును రీలు ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే అంకె అది) షట్టర్ దానికి దగ్గర్లో ఉన్న 250 దగ్గర, అంటే సెకనులో 250వ వంతు దగ్గర, పెడితే చాలు. కర్నూలు ఎండకు ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

బెంగళూరులో ఉన్న మా అమ్మాయి మాత్రం మొదటిరోజే తేల్చేసింది. "నాన్నా, ఆరు నెలలు రీలు కెమెరా మోసుకుని తిరుగుతావా? నా మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరా తీసుకుపో, లేదంటే ఫోన్ చాలు." ఫోన్‌తో ఫోటో తీయబోతే నాకు మధ్యలో వాట్సాప్ మోగుతుంది, దాంతో ఫోటో సంగతి మర్చిపోతాను. కాబట్టి ఫోన్‌ను పక్కన పెట్టేశాం. పక్కనే కూర్చున్న మనవడు "తాతా, నువ్వు కూడా రీల్స్ చేస్తావా?" అని కళ్లు పెద్దవి చేశాడు. ముప్పై ఆరు ఫోటోలు పట్టే రీలు ఒకటుండేదని వాడికి చెప్పి నమ్మించలేకపోయాను.

బ్యాంకు బుద్ధి పోదు కదా, ముందు కాగితం తీసి లెక్క వేశాను. మూడు రోజులకొక రీలు అనుకున్నా ఆరు నెలలకు అరవై. కలర్ రీలు ఒకటి నాకు వెయ్యి రూపాయల దాకా పడుతోంది. కడిగించి, స్కాన్ చేయించడానికి ఇంకో ఐదొందలు. మొత్తం తొంభై వేలు. ఫోటోలు 2,160. అంటే ఒక్కసారి నొక్కితే నలభై రూపాయల పైమాటే. మా వీధి చివర ప్లేటు ఉగ్గాని బజ్జీ రేటు. అదే మాట మా ఆవిడతో అంటే, "ఆరు నెలల్లో రెండు వేల ప్లేట్ల ఉగ్గాని ఎవరు తింటారండీ?" అంది. ఖర్చు గురించి ఇంట్లో జరిగిన చర్చ అంతే.

అయినా నాకు మనసొప్పలేదు. రెండింటినీ వాడి చూశాకే తేల్చుకోవాలనుకున్నాను. అమ్మాయి తన కెమెరా పంపింది. ఏపీఎస్-సీ సెన్సర్ (బొమ్మను పట్టే చిప్పు, రీలు మీది ఫ్రేము కన్నా చిన్నది), 24 మెగాపిక్సెల్, ఒళ్లో పెట్టుకుంటే తెలియనంత తేలిక. నా ఎఫ్ఎం2ను బీరువాలోంచి తీసి రాజ్ విహార్ దగ్గర మా పాత స్టూడియో భాయ్ దగ్గరకు పట్టుకెళ్లాను. పదిహేనేళ్లుగా అది కదలలేదు. ఒకప్పుడు ఆయన స్టూడియోలో పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రంతా డార్క్ రూమ్‌లో ఎర్ర లైటు వెలిగేది. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్లెక్సీలు. కెమెరా లెన్సు విప్పి, లోపల అద్దం పైనున్న ఫోమ్‌ను వేలితో ముట్టుకున్నాడు. తారులా అంటుకుంది. "ఫోమ్ కుళ్లిపోయింది సార్, లెన్సు మాత్రం అద్దంలా ఉంది. మన సీమ ఎండ లెన్సుకు మందు" అన్నాడు.

ఆ మాట నిజమే. కాకినాడలో మా తోడల్లుడి కెమెరా లెన్సు లోపల సాలెగూడులా ఫంగస్ పాకింది. తేమే దానికి కారణం. కర్నూలులో ఏడాదిలో ఎనిమిది నెలలు బట్టలు గంటలో ఆరిపోతాయి, ఇక ఫంగస్ ఎక్కడ పుడుతుంది? కానీ మేం పోయేది మేఘాలయకు. ఏ కెమెరా అయినా సరే, సిలికా జెల్ ప్యాకెట్లు వేసిన గాలి చొరబడని డబ్బా తప్పదని ఆరోజే రాసుకున్నాను.

ఫోమ్ మార్చి ఇస్తూ భాయ్ పాత రోజులు తవ్వాడు. కలర్ రీలు కడిగే మందు 38 డిగ్రీల వేడి మీద ఉండాలి, అర డిగ్రీ అటూ ఇటూ అయినా రంగు మారుతుంది. "మే నెలలో మన ట్యాంకు నీళ్లే ఆ వేడితో వస్తాయి సార్, హీటర్ ఎందుకు?" అని నవ్వాడు. బ్లాక్ అండ్ వైట్‌కు 20 డిగ్రీలు కావాలి, అప్పుడు ఐసు గడ్డ తెప్పించేవాళ్లట. ఇప్పుడు నేను అడిగిన ఏ స్టూడియోలోనూ రీలు కడగడం లేదు. బెంగళూరుకో హైదరాబాదుకో కొరియర్ చేయాలి.

మొదటి పరీక్ష ఏప్రిల్‌లో, యాగంటి, బెలుం గుహలు కలిపి ఒకే రోజు. పొద్దున్నే బనగానపల్లె మీదుగా యాగంటి చేరుకున్నాం. కోనేరు, కొండ కింద గుహలు, రెండు కెమెరాలతోనూ ఒక్కో ఫోటో. యాగంటి బసవన్న ఎదుగుతున్నాడని ఊరందరికీ తెలుసు, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని మా అమ్మ చెప్పేది, ఇప్పుడు స్తంభానికి ఆనుకున్నట్టే ఉంటాడు. 1996లో ఆ బసవన్న పక్కన మా అమ్మాయిని నిలబెట్టి ఇదే ఎఫ్ఎం2తో తీసిన నెగటివ్ నా దగ్గరుంది. అదే చోట నిలబడి మళ్లీ తీశాను. ఆ నెగటివ్ సంగతి తర్వాత చెప్తాను.

మధ్యాహ్నం బెలుం. గుహ మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు, అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు. లోపల రంగు రంగుల దీపాలు పెట్టారు గానీ కెమెరాకు ఆ వెలుతురు ఏ మూలకూ చాలదు. ఎఫ్ఎం2 కంటికి పెట్టుకుంటే మీటర్‌లో ఎర్ర మైనస్ గుర్తు వెలిగిందే వెలిగింది. 200 రీలు, లెన్సు పూర్తిగా తెరిచి 1.8 దగ్గర పెట్టినా షట్టర్ సెకనులో నాలుగో వంతు అడుగుతోంది. అంతసేపు చెయ్యి కదలకుండా పట్టుకునే వయసు నాది కాదు. స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి తీశాను. అదే చోట డిజిటల్‌లో ఆ 200 లాంటి అంకెనే 6400కు పెడితే సెకనులో 125వ వంతు ఇచ్చింది. కాస్త గరుకుగా ఉంది, కానీ రాతి పొరలు, నీళ్లు ఒరిసి చేసిన గీతలు అన్నీ ఉన్నాయి. రీలు అయితే లోపలికి పోయేటప్పుడు 200 పెట్టుకున్నవాడు బయటికొచ్చేదాకా 200తోనే ఉండాలి. డిజిటల్‌లో ఫోటో ఫోటోకూ మార్చుకోవచ్చు. ఈ ఒక్క తేడా చేత్తో పట్టుకుని చూసేదాకా దాని బరువు నాకు తెలియలేదు.

అసలు పరాభవం గుహ బయట జరిగింది. కౌంటర్ 36 చూపిస్తోంది. లెక్క ప్రకారం రీలును ముందుకు జరిపే లివర్ గట్టిపడాలి. పడలేదు. ఇంకో మూడు తీశాను, నాలుగు తీశాను, వెన్నలో కత్తిలా తిరుగుతోంది. అప్పుడు వెన్ను జలదరించింది. చుట్టే పిడి తిప్పితే చేతికి బరువే తగల్లేదు. రీలు కొస అవతల చుట్టుకునే స్పూల్‌కు పట్టుకోనేలేదు. పొద్దుటినుంచి ఖాళీ కెమెరాతో నొక్కుతూ తిరిగాను! లివర్ తిప్పినప్పుడల్లా ఎడమవైపు పిడి కూడా తిరుగుతోందా అని చూసుకోవడం 1994లో నేర్చుకున్న మొదటి పాఠం. పదిహేనేళ్ల నిద్రలో అదే మరిచిపోయాను. రీలు డబ్బా దాటి బయటికే రాలేదు కాబట్టి మళ్లీ వాడుకోవచ్చు. దండగైంది రోజు. మా ఆవిడ ఏమీ అనలేదు. కారులో కూర్చున్నాక, "బసవన్నను డిజిటల్‌లో తీశారు కదా, అది చాలు లెండి" అంది. ఓదార్పో దెప్పిపొడుపో ఇప్పటికీ తేలలేదు.

మే నెలలో గండికోట. ఎండ 42 డిగ్రీలు. ఈసారి రీలు పట్టుకుందని నాలుగుసార్లు చూసుకున్నాను. పెన్నా లోయ అంచున సాయంత్రం వెలుతురు రాళ్ల మీద పడుతుంటే మూడు రీళ్లలో రెండు అక్కడే అయిపోయాయి. వాటిని తీసి కారు డ్యాష్‌బోర్డు అరలో పడేశాను. పడేసి మర్చిపోయాను. రెండు పగళ్లు ఎండలో ఆగిన కారు, అందులో నా రీళ్లు. ఇంటికొచ్చాక కొరియర్ చేయడానికి ఇంకో మూడు వారాలు బద్ధకించాను. స్కాన్లు వచ్చాయి. నీడలన్నీ మసక, ఆకాశం మీద గులాబీ రంగు పొర, ఎవరో చెయ్యి కడిగిన నీళ్లు పోసినట్టు. అదే పెట్టెలోని మూడో రీలును నేను ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో వాడి పంపాను. అది చక్కగా వచ్చింది. ఫోటో తీసేసిన రీలు, కడగని రీలు, పచ్చి బాలింతలాంటిదని భాయ్ ముందే చెప్పాడు. వేడి తగలకూడదు, ఆలస్యం కాకూడదు. ఆరు నెలల ప్రయాణంలో ఈ రెండూ ఎలా కుదురుతాయి?

దారిలో కడిగిస్తూ పోవచ్చు కదా అని కూడా ఆలోచించాను. ప్రతి పెద్ద ఊళ్లో పది రీళ్లు కట్టి అమ్మాయికి కొరియర్ చేస్తే తను ల్యాబ్‌కు ఇస్తుంది. పరీక్షకు కర్నూలు నుంచే ఒకటి పంపితే ఆ పార్సిల్ తొమ్మిది రోజులు దారిలోనే ఉన్నట్టు చూపించింది. ఆ తొమ్మిది రోజుల టెన్షన్‌ను ఆరు నెలలకు పెంచుకుని చూసుకున్నాను. చాలనిపించింది. ఇది కాక ఎక్స్‌రే తగిలితే రీలు మసకబారే గొడవ. విమానంలో పోతే కడగని రీళ్లను చెక్-ఇన్ పెట్టెలో అసలు పెట్టకూడదు, అక్కడి స్కానర్లు బలమైనవి. చేతి సంచిలో పెట్టుకుని, చేత్తో చూడమని బతిమాలుకోవాలి. మేం పోయేది రైల్లోనే గానీ ఢిల్లీలో మెట్రో ఎక్కిన ప్రతిసారీ సంచి ఎక్స్‌రే గుండా పోవాల్సిందే. 200 రీలుకు ఒకటి రెండుసార్లతో ఏమీ కాదు. రోజుకు నాలుగుసార్లు, పది రోజులు అంటే కూడుతూ పోతుంది.

ఇక్కడ డిజిటల్‌ను కూడా కడిగేయాలి. గండికోటలో ఒక్క రోజులో దాంతో 412 ఫోటోలు తీశాను. జమ్మలమడుగు లాడ్జిలో రాత్రి కూర్చుని చూస్తే అదే లోయ, అదే రాయి, అదే వంకర, యాభై సార్లు. గదికి ఒకటే ప్లగ్ పాయింట్. దానికి నా కెమెరా, మా ఆవిడ ఫోన్, దోమల మందు మిషన్ వరస కట్టాయి. బ్యాటరీ ఆ నాలుగొందల ఫోటోలకే చేతులెత్తేసింది. మా ఆవిడ ఆవులిస్తూ, "రీలు కెమెరాతో వస్తే రాత్రిపూట నాతో మాట్లాడేవారు" అంది. నిజంగానే, ఎఫ్ఎం2తో తీసిన డెబ్బై రెండింటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడ నిలబడి తీశానో నాకు గుర్తుంది. 412లో పది కూడా గుర్తులేవు.

అదే గండికోటలో మరొకటి జరిగింది. కోట గోడ దగ్గర గొర్రెలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన ఫోటో ఎఫ్ఎం2తో తీశాను. "ఏదీ సామీ, సూపియ్యి" అని దగ్గరకొచ్చాడు. ఇందులో కనపడదు, కడిగించాలి అంటే కెమెరా వెనక్కి తిప్పి చూసి, నేను దాచిపెడుతున్నాననుకున్నాడో ఏమో మొహం చిన్నబుచ్చుకున్నాడు. వెంటనే డిజిటల్‌తో ఇంకోటి తీసి చూపించాను. తన మీసం చూసుకుని తనే నవ్వుకుని, కర్ర సరిగ్గా పట్టుకుని, "ఇంగోటి తియ్యి" అన్నాడు. ఆ రెండోదే మంచి ఫోటో. ఉద్యోగంలో ఉండగా ఊళ్లకు పోయినప్పుడు ఎంతమందికి "ప్రింటు వేయించి పోస్టు చేస్తా" అని మాటిచ్చానో, ఎన్ని పంపానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇన్ని జరిగినా నా మొగ్గు ఇంకా రీలు వైపే ఉండింది. కారణం వరద.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదకొచ్చాయి. మేం అప్పుడు పాతబస్తీలో ఉండేవాళ్లం. కట్టుబట్టలతో చుట్టాల మేడ మీదకు పోయి, నీళ్లు తీశాక వచ్చి చూస్తే ఇల్లంతా బురద. ఆల్బమ్‌లు ఇటుకల్లా అతుక్కుపోయాయి. కంప్యూటర్ డబ్బా విప్పితే లోపల కూడా బురదే. అప్పటికి నాలుగైదేళ్లుగా డిజిటల్‌లో తీసినవన్నీ దాని హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. హైదరాబాద్ దాకా పట్టుకెళ్లినా ఒక్క ఫోటో రాలేదు. నెగటివ్‌లు బిస్కెట్ల డబ్బాలో ఉండేవి, డబ్బా నిండా నీళ్లు. ఎండబెడదామని మేడ మీద పరచబోతుంటే భాయ్ కేకేశాడు. "ఆరనివ్వొద్దు సార్! ఆరితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీళ్లలోనే ఉంచి, ఒక్కోటీ విడదీసి, మంచి నీళ్లతో కడిగి వేలాడదీయండి." ఊళ్లో తాగడానికి ట్యాంకర్ నీళ్లు దొరకని రోజులు. "మనుషులకు లేవు, బొమ్మలకు స్నానమా" అని మా ఆవిడ గొణిగింది గానీ బేసిన్ ముందు కూర్చుని విడదీసింది తనే. నైలాన్ తాడుకు బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. సగానికి పైగా బతికాయి. యాగంటి నెగటివ్ అందులోదే. దాని ఒక మూల ఇప్పటికీ బురద మరక ఉంది. ప్రింటు వేస్తే బసవన్న తోక దగ్గర చిన్న మబ్బులా పడుతుంది.

పదిహేనేళ్లుగా ఈ కథను రీలు గొప్పతనంగా చెప్పుకుంటూ వచ్చాను. తడిసినా బతికింది, డిస్క్ చచ్చింది అని. జూన్‌లో భాయ్ దగ్గర కూర్చుని మళ్లీ అదే చెప్పబోతే ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నా దగ్గర ఎన్ని వేల నెగటివ్‌లు ఉండేవో తెలుసా సార్? ఇరవై ఏళ్ల పెళ్లిళ్లు. నాకు కడిగే తీరికెక్కడిది, పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలా అని చూసుకుంటుంటి. అన్నీ ముద్దయిపోయినాయి." ఆ మాట ఆయన అంతకుముందు ఎప్పుడూ నాతో అనలేదు. నేనూ అడగలేదు. ఆ రాత్రి ఫోన్‌లో అమ్మాయి కూడా దాదాపు అదే మాట వేరేలా అంది. "డిస్క్ పోయింది డిజిటల్ అయినందుకు కాదు నాన్నా, ఒక్కటే ఉన్నందుకు."

అక్కడ నా లెక్క తిరగబడింది. అరవై రీళ్లు ఒకే సంచిలో, రైల్లో బెర్తు కింద. ఆ సంచి పోతే ఆరు నెలలూ పోయినట్టే, నకలు తీయడానికి లేదు. డిజిటల్ అయితే ఏ రోజుది ఆ రాత్రే రెండోచోటికి చేరుతుంది. కార్డు నా జేబులో, డ్రైవ్ మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో, వైఫై దొరికినచోట మంచివి అమ్మాయి దగ్గరకు.

జులైలో 52 వేలు పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ కొన్నాను, చిన్న లెన్సు ఒకటి కలిపి. టైప్-సీ తీగతో ఛార్జ్ అవుతుంది కాబట్టి ఫోన్ ఛార్జరే చాలు. బ్యాటరీలు మూడు, హిమాచల్ చలికి అవి తొందరగా దిగిపోతాయని, ఒకటి ఎప్పుడూ చొక్కా లోపలి జేబులో. 64 జీబీ కార్డులు నాలుగు. ఒకే పెద్ద కార్డు కొనమన్నాడు షాపులో కుర్రాడు. నేను వరద చూసినవాణ్ని.

నాకు ఊహించని సంతోషం మాత్రం ఒక చిన్న రింగులో దొరికింది. మిర్రర్‌లెస్‌లో అద్దం ఉండదు కాబట్టి లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య దూరం తక్కువ, పాత నికాన్‌లో అది నాలుగున్నర సెంటీమీటర్ల పైన. ఆ మిగిలిన చోటును నింపే అడాప్టర్ ఒకటి అమ్ముతారు. అది బిగిస్తే కువైట్ లెన్సు డిజిటల్ కెమెరాకు ఎక్కింది. ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. చిన్న సెన్సర్ కాబట్టి 50 కాస్తా 75లా దగ్గరగా చూపిస్తుంది, మనుషుల మొహాలకు అదే బాగుంటుంది. బావమరిదికి ఫోటో పంపితే, "లెన్సుకు వీసా దొరికింది, బాడీకి దొరకలేదన్నమాట" అన్నాడు.

412 గొడవకు మందు మా ఆవిడ వేసింది. రోజుకు ముప్పై ఆరు. లెక్క తను రాస్తుందట, నోటు పుస్తకం కూడా కొంది. ముప్పై ఏడోది కావాలంటే ఆరోజు తీసిన వాటిలో ఒకటి తన ముందే కొట్టేయాలి.

ఎఫ్ఎం2ను ఇంట్లో వదిలిపోవడానికి మనసు రాలేదు. ఆరు నెలలు కరెంటు ఆపేసిన ఇంట్లో, లోపల రీలు ఉన్న కెమెరా వద్దు. పోయిన వారం భాయ్ దగ్గరకు తీసుకెళ్లాను. లోపల ఉన్నది బెలుంలో నన్ను మోసం చేసిన ఆ రీలే, ఇప్పుడు బాగా పట్టుకుంది. ఆయన మమ్మల్నిద్దరినీ పాత నీలం తెర ముందు, చెక్క స్టూళ్ల మీద కూర్చోబెట్టి, "సార్, గెడ్డం కొంచెం దించండి, మేడమ్, ఇటు" అంటూ రెండు ఫోటోలు తీశాడు. మూడోదానికి లివర్ తిప్పబోతే వద్దన్నాను. కౌంటర్ పాతిక మీద ఉంది. ఇంకా పదకొండు మిగిలాయి, వచ్చాక ఊళ్లోనే వాడుకుందామని చెప్పాను. కెమెరాను అలాగే పాలిథిన్ కవర్‌లో చుట్టి, వాళ్లింటి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టించాడు. పక్కన చింతపండు డబ్బా ఉందట. వాళ్లావిడ ఒప్పుకుందా అని మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు అడిగింది.